సరోజినీ నగర్ హనుమాయమ్మ రజాయిలు

హనుమాయమ్మ కాస్త మొండి మనిషి అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. కాస్త ఏమిటి కాస్త? నిలువెల్లా మొండి. ఆ మొండితనం లేకపోతే ఢిల్లీ సరోజినీ నగర్ సర్కారు క్వార్టర్లలో మా బ్లాకు ఆడవాళ్ళం సగం మందిమి సముద్రం మొహం చూసేవాళ్ళమే కాదు. భీమిలి ఎక్కడుందో, యానాం ఎక్కడుందో పిల్లల పుస్తకంలో పటం చూసి తృప్తిపడేవాళ్ళం. అందుకని ఆవిడ సంగతి ఎవరో వచ్చి చెప్పేదాకా ఆగను. గోడకు అవతల ఆవిడా, ఇవతల నేనూ, ఏళ్ళ తరబడి కాపురాలు చేశాం. ఆవిడ పోపు ఘాటుకు నేను తుమ్మిన తుమ్ములకు లెక్కే లేదు.

నా పేరు ఆండాళ్. మాది వరంగల్. ఆవిడది తెనాలి దగ్గర పల్లె. భర్త త్యాగరాజు గారు ఒక మంత్రిత్వ శాఖలో గుమస్తా. ఫైలు మీద దుమ్ము దులపాలన్నా పైవాళ్ళ అనుమతి అడిగే రకం. ఒక్కతే కూతురు గౌరి. ఢిల్లీలో పుట్టిన పిల్ల కదా, మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చేది. "తెలుగులో ఏడువే తల్లీ" అని హనుమాయమ్మ రోజుకోసారైనా మొత్తుకునేది. నా తెలుగును కూడా వదిలేది కాదు. నేను "పోదాం పా అక్కా" అంటే "పా ఏంటే, పద అనలేవూ?" అని నవ్వేది. "నీ తెనాలి తెలుగు నీ దగ్గర్నే పెట్టుకో" అనేదాన్ని నేనూ.

మా రోజుల్లో ఢిల్లీ తెలుగు ఉద్యోగస్తులకు సెలవంటే ఒకటే అర్థం. సర్కారు రైలు ఖర్చు ఇచ్చే ఎల్.టి.సి. మీద సొంతూరికి పోవడం, నెల తిరిగాక పచ్చడి జాడీలతో దిగడం. ఒకసారి అలా తెనాలి వెళ్ళొచ్చిన హనుమాయమ్మ మెట్ల మీద కూలబడి, "మా తోడికోడలి వంటింట్లో నెల్లాళ్ళు పప్పు రుబ్బి రావడాన్ని సెలవంటారుటే ఆండాళూ?" అంది. నాకు నవ్వొచ్చింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఈసారి ఎవరూ చుట్టాలు లేని ఊరికి పోతానని అప్పుడే తీర్మానం చేసేసుకుంది. త్యాగరాజు గారు హోటలు ఖర్చు మనవల్ల కాదన్నారు. "హోటలుకు ఎవరు పొమ్మన్నారు మిమ్మల్ని?" అందావిడ.

ఆ ఏడు నవంబరులో సరోజినీ నగర్ బజారులో స్వెట్టర్ల బండి దగ్గర మాకు మాణిక్యం పరిచయమైంది. కంటోన్మెంటులో ఉండే హవల్దారు భార్య, భీమిలి పిల్ల. తెలుగు మాట వినపడగానే పరిగెత్తుకొచ్చి పలకరించింది. మాటల మధ్య, "మాయమ్మ ఒక్కతే ఉంటాది భీమిలిలో. సముద్రం ఎదరే ఇల్లు. ఎల్లండమ్మా, మాటాడే మనిసి లేక సచ్చిపోతంది" అంది. మాటవరసకు అన్న మాటే అయ్యుంటుంది. హనుమాయమ్మ దాన్ని పట్టుకుంది. నన్నూ మా ఆయన రంగనాథ్‌నూ కూడా బయల్దేరదీసింది. అది డెబ్భై ఆరు డిసెంబరు.

మేం చేసిన ఘనకార్యం ఇప్పుడు చెప్పాలి. డిసెంబరు కదా, పైగా సముద్రపు గాలి, పిల్లకు జలుబు చేస్తుందని త్యాగరాజు గారు ఇంట్లో ఉన్న మందపాటి దూది రజాయిలన్నీ పక్కబట్టలు చుట్టే హోల్డాల్లో కుక్కించారు. మేం మాత్రం తక్కువ తిన్నామా? మావీ కట్టాం. ఢిల్లీలో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకు డిసెంబరు అంటే దేశమంతా ఒకటే చలి. పుట్టి పెరిగిన ఊళ్ళో డిసెంబరు ఎలా ఉండేదో ఒక్కరికీ గుర్తు రాలేదు చూడండి! జి.టి. ఎక్స్‌ప్రెస్ నాగపూర్ దాటేసరికి స్వెట్టర్లు ఊడాయి. బెజవాడలో బండి మారేటప్పుడు ఆ మూటలు మోయలేక మగవాళ్ళు చెమటతో తడిసి ముద్దయ్యారు. విశాఖపట్నంలో కూలీ మూట తడిమి చూసి, "కాశ్మీరం నించి వొత్తన్నారా బాబూ?" అన్నాడు.

మాణిక్యం వాళ్ళమ్మ అన్నమ్మ గుమ్మంలోనే మా మూటలు చూసింది. "ఈ బొంతలేటమ్మా?" అంది. సంగతి విని అరుగు మీద కూర్చుండిపోయి, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఇల్లు మాత్రం నిజంగా సముద్రానికి ఎదురే. ఒలందావాళ్ళ, అంటే డచ్చివాళ్ళ, కాలంనాటి మందపాటి గోడలు, పెంకుల కప్పు, పొడుగాటి వరండా. మేం రజాయిలు కిందేసి వాటి మీద పడుకున్నాం. కప్పుకునే ప్రశ్నే లేదు, పరుపులుగా మాత్రం భేషుగ్గా పనికొచ్చాయి.

భీమిలిలో ఏముందని అడిగేవాళ్ళు నాకు చాలామంది తగిలారు. ఏమీ లేదు. అదే దాని గొప్ప. పొద్దున పడవలొస్తాయి. మధ్యాహ్నం ఊరు నిద్రపోతుంది. సాయంత్రం గడియార స్తంభం నుంచి ఒలందావాళ్ళ సమాధుల దాకా నడిచి, అక్కడి నుంచి ఇసుకలోకి దిగితే, అడగడానికి ఎవరూ ఉండరు. గౌరి మొదటిసారి అలలు చూసి, "మమ్మీ, యే తో రుక్‌తా హీ నహీ" అంది, ఇది ఆగనే ఆగదేమని. హనుమాయమ్మ ఆ పూట తెలుగులో ఏడవమనలేదు. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా ఎత్తి నీళ్ళలో నిలబడిపోయింది. త్యాగరాజు గారు "ఎవరైనా చూస్తారే" అంటే, "చూడనివ్వండి, నేనూ వాళ్ళనే చూస్తున్నాను" అంది.

బయల్దేరే రోజున హనుమాయమ్మ డబ్బు చేతిలో పెట్టబోతే అన్నమ్మ మొహం నల్లబడింది. హనుమాయమ్మ వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది. కానీ ఊరికే తిని పోవడం ఈవిడకూ నచ్చదు. గుమ్మంలోనే నిలబడి తేల్చుకుంది. "మీ ఇంట్లో మేం పడుకున్నన్ని రాత్రులు మా ఇంట్లో మీరు పడుకోవాలి. లేకపోతే మళ్ళీ మీ గడప తొక్కను" అంది. అన్నమ్మ పళ్ళన్నీ బయటపెట్టి, "డిల్లీలో జెండా పండగ సూపిత్తావా మరి? ఆ బొంతలు దాసుంచు, నానొత్తాను" అంది.

అన్నట్టే వచ్చింది. రెండేళ్ళు తిరక్కుండానే జనవరి నెలలో, తనవాళ్ళను ముగ్గురిని వెంటబెట్టుకుని, న్యూఢిల్లీ స్టేషన్లో దిగింది. ఒంటి మీద నూలు చీర, చెవులకు తువ్వాలు, చేతిలో ఒక దుప్పటి. భీమిలిలో జనవరి అంటే అంతే కదా పాపం! మేం డిసెంబరంటే దేశమంతా చలి అనుకున్నట్టే, వాళ్ళు దేశమంతా భీమిలే అనుకున్నారు. పళ్ళు టకటకలాడుతుంటే అన్నమ్మ నోట మాట రాలేదు. హనుమాయమ్మ ముందే ఊహించి రజాయిలు స్టేషనుకే మోసుకొచ్చింది. ప్లాట్‌ఫారం మీదే నలుగురికీ చుట్టబెట్టి, "ఇప్పుడు నవ్వండి చూద్దాం" అంది.

అలా మొదలైంది. ఒక రాత్రికి ఒక రాత్రి. డబ్బు మాట లేదు, దానం మాట లేదు. అన్నమ్మ చుట్టరికంతో యానాంలో ఒక ఇల్లు దొరికింది. యానాంవాళ్ళ ఎరికతో పుదుచ్చేరిలో ఇంకొకటి. బందరులో ఒక బడిపంతులు గారి మిద్దె. ప్రతి డిసెంబరులో మా బ్లాకు నుంచి ఎవరో ఒకరు హనుమాయమ్మ వెంట రెండో తరగతి పెట్టెలో దక్షిణానికి దిగేవాళ్ళు. ప్రతి జనవరిలో అక్కడివాళ్ళు ఇక్కడికి ఎక్కేవాళ్ళు. వచ్చినవాళ్ళకు కుతుబ్ మినారూ, ఎర్రకోటా, ఒక రోజు ఆగ్రా, ఇరవయ్యారో తేదీన తెల్లవారేసరికి ఇండియా గేటు పచ్చిక మీద చోటు. అన్నీ బస్సులోనే, నడకలోనే.

ఆవిడతో ప్రయాణం అంటే మాటలు కాదు. బెజవాడ స్టేషన్లో ఇడ్లీ తప్ప బయటి తిండి ముట్టనిచ్చేది కాదు. రిక్షా ఎక్కుతానంటే "కాళ్ళు అరువిచ్చావా ఎవరికైనా?" అని గద్దించేది. పుదుచ్చేరిలో ఎర్ర టోపీ పోలీసులను, తెల్ల గోడలను, వీధికి ఆ కొసన మెరిసే సముద్రాన్ని చూసి మేం నోళ్ళు తెరుచుకుంటే, ఆవిడ స్తంభాల మీద తట్టి చూసి, "కన్నాట్ ప్లేసు స్తంభాలే కదే ఇవీ! ఏ దొర వచ్చినా సున్నం కొట్టిన స్తంభాలు నిలబెట్టడమేనా?" అంది. యానాంలో గోదారి గట్టున ఫ్రాన్సు పింఛను తీసుకునే ముసలాయన తన దొరల కథలు చెబుతుంటే శ్రద్ధగా విని, చివర్న "మీ ఇంటికి ఎప్పుడొచ్చారు వాళ్ళు భోజనానికి?" అని అడిగింది. రాలేదన్నాడు ఆయన. "మా ఇంటికి మీరు రండి" అంది. వచ్చాడు కూడా, ఆ జనవరిలోనే. బందరులో ఫ్రెంచిపేట, ఇంగ్లీషుపాలెం అన్నీ కాలినడకన తిప్పి, మంగినపూడి ఒడ్డున నల్లటి ఇసుకలో మా అందరినీ కూలేసి పులిహోర పొట్లాలు విప్పింది. ఆ రుచి ఇంకా నా నాలుక మీద ఉంది.

మనుషులు పెరిగినకొద్దీ రజాయిలూ పెరగాలి కదా. సరోజినీ నగర్ బజారులో ఎవరూ కొనక మూల పడున్న గుడ్డ తాను ఒకటి ఆవిడ కంటబడింది. పచ్చని పసుపు మీద అరచేయంత ఎర్ర పూలు. కళ్ళు జిగేలుమనే రంగు. నేను మొహం చిట్లించాను. "చీకట్లో కప్పుకునేదానికి అందం ఎందుకే?" అంది. అక్టోబరులో దూదేకేవాడు విల్లు మీటుకుంటూ వీధిలోకి రాగానే పిలిచి, కిందనే దూది ఏకించి, మేం నలుగురం ఆడవాళ్ళం కూర్చుని కుట్టేవాళ్ళం. ఏటికి కొన్ని చొప్పున అవి ఆవిడ ముందు గదిలో గోడ పొడుగునా, కప్పు దాకా పేరుకున్నాయి. ముగ్గురు మనుషులున్న ఇంట్లో అన్ని రజాయిలు చూసి కొత్తవాళ్ళు బిత్తరపోయేవాళ్ళు.

మా నెత్తి మీద క్వార్టరులో జనార్దనరావు గారుండేవారు. త్యాగరాజు గారి కంటే పెద్ద హోదా. మెట్ల మీద ఎదురుపడితే పలకరించడానికి కూడా ఆలోచించే మనిషి. ఆయన భార్య పార్వతమ్మది కరీంనగర్ వైపు. పాపం, బంగారంలాంటి మనిషి. మేం ఊళ్ళు తిరిగొచ్చిన ప్రతిసారీ బట్టలు ఆరేసే నెపం మీద కిందికొచ్చి, "నీళ్ళు నిజంగనే ఉప్పగుంటయా ఆండాళూ?" అని అడిగేది. మీరూ రారాదా అంటే, "ఆయనకు పడదు. చుట్టాలు కానోళ్ళ ఇండ్లల్ల పండుడేంది అంటడు" అని మెట్లెక్కిపోయేది.

ఆయన బాధలోనూ న్యాయం లేకపోలేదు, ఉన్నమాట చెప్పాలి. బ్లాకుకంతా ఒకటే నీళ్ళ ట్యాంకు. జనవరి పొద్దుల్లో మా అతిథులు వరసపెట్టి స్నానాలు చేస్తే పైనున్న ఆయన కుళాయి గుర్రుమనేది. సబ్బు నురగతో నిలబడి అరిచిన రోజులున్నాయి. ఒక మాట మొహాన అడిగి ఉంటే హనుమాయమ్మ బిందెలు మోసైనా ఇచ్చేది. ఆయన అడగలేదు. క్వార్టర్ల ఆఫీసుకు ఫిర్యాదు రాశాడు. త్యాగరాజు సర్కారు క్వార్టరును అద్దెకు తిప్పుతున్నాడని, రాత్రికింతని వసూలు చేస్తున్నాడని.

ఎనభై ఒకటి జనవరి. అన్నమ్మ బృందం, యానాంవాళ్ళు ఒకేసారి దిగిన వారం. ఇన్‌స్పెక్టరు పొద్దున్నే వచ్చి తలుపు తట్టాడు. లోపల అడుగు పెడితే అడుగుకొక మనిషి, పసుపు రజాయిలో చుట్టుకుని.

"యే సబ్ కౌన్ హై, బెహన్‌జీ?"

"మెహమాన్ హై" అంది హనుమాయమ్మ.

అతను గోడ పొడుగునా పేర్చి ఉన్న మిగతా రజాయిలను చూశాడు. వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో తప్పిపోయి, మళ్ళీ మొదలుపెట్టి, వదిలేశాడు. "ఇత్‌నే మెహమాన్?" అని నిట్టూర్చాడు. మరునాడు క్వార్టర్ల ఆఫీసులో హాజరు కావాలని చెప్పిపోయాడు. అద్దెకిచ్చినట్టు తేలితే క్వార్టరు రద్దు. అంతే మాట.

త్యాగరాజు గారు తలుపు గడియ పెట్టారు. "మేనమామ పిల్లలనీ, పిన్ని కూతుళ్ళనీ చెబుదామే. చుట్టాలంటే ఎవరూ ఏమీ అనరు. ఎవడొచ్చి చూస్తాడు?" అని బతిమాలారు.

"అన్నమ్మ మెళ్ళో సిలువ, నా మొహాన ఇంత బొట్టు. మా పిన్ని అంటే ఎవడు నమ్ముతాడండీ?"

"నమ్మితే?"

"నమ్మినా చెప్పను. అతిథులని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు? ఈ ఇంట్లో నేను చేసిన మంచి పని అదొక్కటే. దాన్ని దాచిపెట్టి ఇల్లు నిలబెట్టుకోనా?"

త్యాగరాజు గారు లేచి, మరునాడు ఆఫీసుకు వేసుకుపోవడానికి కోటు దులుపుకున్నారు.

మరునాడు మేమంతా వెళ్ళాం. రావద్దన్నా అన్నమ్మ ఆగలేదు, ఆవిడ వెనక యానాంవాళ్ళూ ఆగలేదు. బయట మంచు. రజాయిలు కప్పుకునే బస్సెక్కారు, రజాయిలతోనే ఆఫీసు వరండాలో వరసగా కూర్చున్నారు. వచ్చేపోయే గుమస్తాలు ఫైళ్ళు చంకన పెట్టుకుని ఆగి చూశారు. నేనైతే తల ఇంకా ఎత్తుకుని కూర్చున్నాను, చూడనివ్వు అని.

అధికారి కళ్ళద్దాల పెద్దమనిషి, నెమ్మదైనవాడు. "వీళ్ళ దగ్గర ఏం తీసుకుంటారు?" అని హిందీలో అడిగాడు.

"తీసుకుంటాం" అంది హనుమాయమ్మ. త్యాగరాజు గారు కుర్చీ పట్టుకున్నారు. "ఒక రాత్రికి ఒక రాత్రి తీసుకుంటాం. వాళ్ళ ఇళ్ళల్లో మేం పడుకుంటాం, మా ఇంట్లో వాళ్ళు పడుకుంటారు." ఆవిడ వచ్చీరాని హిందీలో చెప్పింది ఆయనకు సగమే అర్థమైంది. నేను సర్దబోయి ఇంకా చెడగొట్టాను. ఆయన విసుగ్గా అన్నమ్మ వైపు తిరిగి, కిరాయి ఎంత ఇస్తున్నావని అడిగాడు. గౌరి ఆ మాటను అన్నమ్మకు తెలుగులో చెప్పింది.

అన్నమ్మ లేచి నిలబడింది. "ఏటీ? డబ్బులా? ఈయమ్మకా? నా సేతి కూడు తిన్న మనిసి ఈయమ్మ. నా యింట్లో పడుకున్న మనిసి. నాను డబ్బులిత్తే తీసుకుంటాదా? తీసుకునే మనిసైతే నానిక్కడికొత్తానా? ఆ బాబునడుగమ్మా, ఆలింటికి మనుసులొత్తే బిల్లు రాత్తాడా?"

గౌరి ఒక్క క్షణం తల్లి వైపు చూసింది. తర్వాత ఒక్క ముక్క తగ్గించకుండా, ఆ కోపంతో సహా, గడగడా హిందీలోకి దించింది. "ఔర్ పూఛ్ రహీ హై, ఆప్‌కే ఘర్ కోయీ ఆయే తో ఆప్ బిల్ కాట్‌తే హై క్యా?" అని ముగించింది. ఇన్నేళ్ళూ తెలుగులో ఏడవమన్న తల్లి ఆ పిల్లను చూసిన చూపు నేను మర్చిపోను. నా పిల్ల అన్నట్టు చూసింది.

అధికారి నవ్వు ఆపుకోలేకపోయాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, డబ్బు తీసుకోవడం లేదని ఒప్పుకుంటున్నానన్నాడు. మా ప్రాణాలు లేచొచ్చాయి. కానీ ఆయన ఆగలేదు. ఒక్క క్వార్టరులో ఇంతమందిని పెట్టడం మాత్రం కుదరదు, నీళ్ళు అందరివీ, ఆ ఫిర్యాదు నిజమే కదా అన్నాడు. రేపు పొద్దున ఇన్‌స్పెక్టరు మళ్ళీ వస్తాడు, ఆ ఇంట్లో ఈ గుంపూ, ఆ రజాయిల గుట్టా కనిపిస్తే క్వార్టరు ఉండదు. జెండా పండుగకు ఇంకా మూడు రోజులుంది.

అందరం ఇంటికొచ్చాం. లోపలికి రాగానే అన్నమ్మ చీరలు మడతపెట్టడం మొదలుపెట్టింది. "నీ ఇల్లు పోకూడదమ్మా. మాకేటి, టేసన్లో పడుకుంటాం" అంది. అప్పుడు ఏడ్చింది హనుమాయమ్మ. వెక్కివెక్కి ఏడ్చింది. "ఇన్నిసార్లు నన్ను కడుపులో పెట్టుకున్న మనిషిని చలిలో స్టేషనుకు పొమ్మనే బతుకైపోయింది నాది" అని తల కొట్టుకుంది. "గట్లెట్ల పోతరు? ఇద్దరు మా ఇంట్ల పండరా?" అన్నాను గట్టిగా.

ఆవిడ ఏడుపు టక్కున ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుని నన్ను పరకాయించి చూసింది. "మీ ఇంట్లో ఇద్దరు" అంది. "ఎదురు బ్లాకు పంజాబీవాళ్ళింట్లో?"

"వాళ్ళెందుకు పెట్టుకుంటరక్కా?"

"ఊరికే ఎందుకు పెట్టుకుంటారే? ఊరికే ఎవర్నీ అడగను నేను" అని ఒక రజాయి తీసి నెత్తిన పెట్టుకుంది.

సాయంత్రం దీపాల వేళకు ముందు హనుమాయమ్మ మా నాలుగు బ్లాకులూ తిరిగింది. వెనక మేం, మా నెత్తిన రజాయిలు, మా వెనక అతిథులు. ఒక్కో తలుపు తట్టడం, ఒకటే మాట చెప్పడం. గౌరి పంజాబీవాళ్ళకు, బెంగాలీవాళ్ళకు హిందీలో చెప్పేది. ఈ రజాయి మీదే. ఈ మనిషి మూడు రాత్రులు మీ ఇంట్లో పడుకుంటుంది. వచ్చే డిసెంబరులో సముద్రం ఎదుట మూడు రాత్రులు మీవి. ఒక సర్దార్జీ భార్య మాట పూర్తి కాకముందే అతిథి చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. ఒక మలయాళీ నర్సు, మా ఊళ్ళోనూ సముద్రముంది, మీరే రండి అని నవ్వి ఇద్దరిని తీసుకుంది. కాదన్న గుమ్మాలూ ఉన్నాయి. ఆవిడ వాటిని మారు మాట లేకుండా దాటేసింది.

మా మెట్ల దగ్గరికి తిరిగొచ్చేసరికి అన్నమ్మ ఒక్కతే మిగిలింది. పైకి పోయే మెట్ల వైపు హనుమాయమ్మ తలెత్తి కూడా చూడలేదు. "నువ్వు నా దగ్గరే ఉండు, ఒక్క మనిషికి ఏమీ అనరు" అంటూ అన్నమ్మ భుజం మీద చెయ్యేసింది. అప్పుడు దబదబా మెట్లు దిగిన చప్పుడు. పార్వతమ్మ. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఊపిరి ఎగబీలుస్తూ మా ఎదుట నిలబడింది.

"ఊరంత తిరిగినవు. మా గుమ్మం ఎందుకు తప్పించినవు?"

హనుమాయమ్మ పైకి ఒకసారి చూసి, నెత్తి మీద మిగిలిన ఆ ఒక్క రజాయినీ దింపింది.

"అర్జీ పెట్టింది ఆయన. ఆ ఇల్లు నాది కాదా?" అని పార్వతమ్మ రజాయి చంకన పెట్టుకుని, అన్నమ్మ చెయ్యి పట్టుకుని, మెట్లెక్కించింది. పైన తలుపు తెరుచుకున్న చప్పుడైంది, జనార్దనరావు గారి గొంతు ఒక్కసారి లేచింది, ఆ తర్వాత పార్వతమ్మ గొంతు. తలుపు పడింది.

మరునాడు మంచు విడిచి ఎండ కాసింది. ఇన్‌స్పెక్టరు చెప్పినట్టే వచ్చాడు. హనుమాయమ్మ ముందు గది ఊడ్చి ముగ్గేసినంత శుభ్రంగా ఉంది. త్యాగరాజు గారు, భార్య, కూతురు. గోడ వారన గుట్ట లేదు. అతను రెండు గదులూ చూసి, తల ఊపి, బయటికొచ్చి సైకిలు మీద చెయ్యేశాడు. అప్పుడు తలెత్తాడు.

ఎండ కాస్తే ఢిల్లీలో ఏ ఇల్లాలైనా చేసే మొదటి పని రజాయి ఎండేయడం. మా బ్లాకు, ఎదురు బ్లాకు, వాటి వెనక బ్లాకులు, ఎక్కడ చూసినా పిట్టగోడల మీద పసుపు మీద ఎర్రపూలు. సర్దార్జీ ఇంటి మీద, నర్సు ఇంటి మీద, మా ఇంటి మీద. నేను మొహం చిట్లించిన ఆ రంగు ఆ పొద్దున వీధి వీధంతా వెలిగిపోయింది. నా రొమ్ము ఎంత పొంగిందో చెప్పలేను. అన్నిటికంటే ఎత్తున, జనార్దనరావు గారి పిట్టగోడ మీద కూడా ఒకటి. దాని పక్కన అన్నమ్మ తల దువ్వుకుంటోంది. బకెట్టు పట్టుకుని బయటికొచ్చిన జనార్దనరావు గారితో, "నీలొత్తన్నాయా బాబూ?" అని అడిగింది. వస్తున్నాయి మరి, నాలుగు ట్యాంకులకు పంచుకుపోయాక! ఆయన ఆవిడనూ, కింద ఇన్‌స్పెక్టరునూ చూసి, వస్తున్నాయని తలూపాడు.

"బెహన్‌జీ, యే క్యా హై?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మీరే కదా అన్నారు, ఒక ఇంట్లో వద్దని" అంది హనుమాయమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని. గౌరి హిందీలో చెప్పబోతే ఆపి, తనే చెప్పింది. "ఏక్ ఘర్ మే నహీ హై."

అతను పిట్టగోడలన్నీ మళ్ళీ ఒకసారి కలయజూశాడు. ఈసారి లెక్కపెట్టలేదు. సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ మా వీధికి ఆ పని మీద ఎవరూ రాలేదు. ఇరవయ్యారో తేదీన ఇండియా గేటు పచ్చిక మీద అన్నమ్మా, పార్వతమ్మా ఒకటే రజాయి కప్పుకుని కూర్చుని జెండా చూశారు.

ఆ డిసెంబరులో న్యూఢిల్లీ స్టేషన్లో జి.టి. ఎక్స్‌ప్రెస్ దగ్గర మా గుంపును చూసి టికెట్ కలెక్టరు పెళ్ళివారనుకున్నాడు. పంజాబీలు, బెంగాలీలు, మేమూ. బండి కదిలే వేళకు పార్వతమ్మ పరుగున వచ్చింది. ఆమె వెనక జనార్దనరావు గారు. ఎవరి మొహమూ చూడకుండా, ఒక పెద్ద హోల్డాల్ను రెండు చేతులా కావలించుకుని ఎక్కాడు. కట్టు సరిగ్గా పడక పక్క నుంచి పసుపు మీద ఎర్రపూలు బయటికి తొంగిచూస్తున్నాయి.

నాకు నవ్వాగలేదు. "సార్, భీమిల్ల చలి ఉండదు" అనబోయాను. హనుమాయమ్మ నా తొడ మీద గట్టిగా గిల్లింది.

జనార్దనరావు గారు హోల్డాల్ను సీటు కింద తోసి, ఊపిరి పీల్చుకుని, మొదటిసారి ఆవిడతో మాట్లాడారు. "డిసెంబరు కదండీ. పైగా సముద్రపు గాలి."

"మంచి పని చేశారు అన్నయ్యగారూ" అని హనుమాయమ్మ జరిగి, కిటికీ పక్కన పార్వతమ్మకు చోటిచ్చింది.